నాన్‌బైనరీ చరిత్రకు మొదటి తేదీ ఏది? 1776, 1916, 1995, లేక అంతకన్నా పాతదా?

తాళపత్రం

నాన్‌బైనరీ, అంటే ఆడ, మగ అనే రెండింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడని మనుషుల చరిత్ర మీద వచ్చే కాలరేఖలు రెండు తరహాల్లో కనిపిస్తున్నాయి. మొదటి తరహా రోమ్‌లో సిబెలీ దేవత పూజారులైన గల్లీలతో మొదలవుతుంది. ఇండోనేషియాలోని సులవేసీ దీవిలో బిస్సులు అనే పూజారులు, అమెరికా మూలవాసులైన జునీ తెగలో మగా ఆడా పనులు రెండూ చేసే ల్హమనల మీదుగా సాగి, పాస్‌పోర్టులో లింగం దగ్గర వేసే ‘ఎక్స్’ దాకా అన్నిటినీ ఒకే తాడుగా పేనుతుంది. రెండో తరహా 1990లకు ముందు చెప్పుకోదగ్గదేమీ లేదంటుంది. నా దృష్టిలో రెండింటి లోపమూ ఒకటే: ఏ ఆధారం ఎలాంటిదో విడదీయకపోవడం.

కాలరేఖలో ప్రతి నమోదునూ మూడు వరుసల్లో ఏదో ఒకదానికి చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను.

మొదటి వరుసలో సమాజం ముందే ఏర్పరచి ఉంచిన స్థానాలు వస్తాయి. వాటికి పేరు, పని, నియమాలు ముందే ఉంటాయి, మనిషి వచ్చి అందులో చేరతారు. రెండో వరుసలో కోర్టు, వైద్యుడు, పోలీసు, జనగణన గుమాస్తా బయటి నుంచి వేసిన ముద్రలు. మూడో వరుసలో ‘ఈ రెండింటిలో దేనిలోనూ నేను లేను’ అని మనిషి సొంతంగా చెప్పుకున్న మాటలూ, మనుషుల్ని రెండుగా విడగొట్టే లెక్కే తప్పని చేసిన వాదనలూ.

నాన్‌బైనరీ ఆలోచన చరిత్ర అంటే ఈ మూడో వరుసే. మిగతా రెండూ దాని పక్కన ఉండాలి గానీ దానిలో కలవకూడదు.

ఇలా చూస్తే గట్టిగా నిలబడే మొదటి నమోదు 1776 అక్టోబరు. అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని కంబర్లాండ్‌లో, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో 1752లో పుట్టిన జెమైమా విల్కిన్సన్‌కు తీవ్రమైన జ్వరం వచ్చింది. కోలుకున్నాక, ఆ మనిషి చనిపోయిందనీ, ఆ శరీరంలోకి దేవుడు పంపిన ఆత్మ వచ్చిందనీ, దానికి ఆడా మగా అన్నది లేదనీ ప్రకటన వెలువడింది. అప్పటి నుంచి 1819 జులై 1న మరణించేదాకా పేరు ‘పబ్లిక్ యూనివర్సల్ ఫ్రెండ్’. పాత పేరుకు పలకడం మానేశారు. మత గురువులు వేసుకునే పొడవాటి నల్ల అంగీ, మగవాళ్ల వెడల్పాటి టోపీ, ఆడవాళ్లు ఇంట్లో తల మీద కప్పుకునే బట్ట లేకుండా వదిలేసిన జుట్టు. అనుచరులు చాలావరకు ‘ఆమె’, ‘అతను’ అని కాకుండా ‘ఫ్రెండ్’ అనే రాసుకున్నారు.

మధ్యమావతి

తాళపత్రం గారూ, మీ మూడో వరుసకు నా అభ్యంతరాలు రెండు.

ఒకటి: ఫ్రెండ్ చెప్పింది మతపరమైన మాట. దేవుడి ఆత్మకు లింగం లేదన్నది క్రైస్తవంలో పాత నమ్మకమే. దాన్ని జెండర్ గురించిన సొంత ప్రకటనగా చదివితే, బిస్సులు తమలో స్త్రీ పురుష అంశలు రెండూ ఉన్నాయి కాబట్టే దైవంతో మాట్లాడగలమని చెప్పేదాన్ని ఎందుకు మొదటి వరుసలోనే ఉంచుతున్నారు? ఇద్దరిదీ మతమే కదా.

రెండు: సొంత మాట రాతలో దొరకాలంటే అక్షరం రావాలి, లేదా చుట్టూ రాసిపెట్టే శిష్యులుండాలి, లేదా కోర్టు మెట్లెక్కి ఉండాలి. ఈ మూడూ లేనివాళ్లు మీ కాలరేఖలోంచి జారిపోతారు. చివరికి మిగిలేది యూరప్, ఉత్తర అమెరికాల్లో చదువుకున్న వాళ్లే. అది ఆధారాల చరిత్ర అవుతుంది తప్ప మనుషుల చరిత్ర కాదు.

తాళపత్రం

రెండో అభ్యంతరం నిజంగా బరువైనది, దాన్ని కాదనను. మొదటిదానికి మాత్రం జవాబుంది.

మాట మతపరమైనదా కాదా అన్నది నా కొలత కాదు. ఆ మాట రోజువారీ బతుకులోకి ఎంత దూరం వచ్చిందో చూడాలి. ఫ్రెండ్ విషయంలో అది భూమి కాగితాల దాకా వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమ ప్రాంతంలో అనుచరులు పల్లె కట్టుకున్నప్పుడు భూమి రిజిస్టరు చేయడానికి చట్టబద్ధమైన పేరు కావాలి. పాత పేరు వాడటానికి ఫ్రెండ్ ఒప్పుకోలేదు. అందుకని భూమిని సేరా రిచర్డ్స్ అనే శిష్యురాలి పేరిట పెట్టారు. ఆమె 1793లో చనిపోయింది. తర్వాత ఆమె కూతురు, అల్లుడు ఆ భూమి తమదేనని అమ్మడం మొదలుపెట్టారు. వ్యాజ్యం ఫ్రెండ్ మరణం తర్వాత కూడా సాగి 1828లో గానీ తేలలేదు.

1818 నాటి వీలునామా ఇంకా గట్టి ఆధారం. 1777కు ముందు జెమైమా విల్కిన్సన్‌గా పిలవబడి, ఆ తర్వాత యూనివర్సల్ ఫ్రెండ్‌గా తెలిసిన వ్యక్తి అని అందులో రాయించారు. పాత పేరు దగ్గర చేవ్రాలు లేదు, వేలిముద్ర వేసే చోట గీసినట్టు ఒక అడ్డగీతల గుర్తు మాత్రమే ఉంది. అక్షరం రాక గీసిన గుర్తు కాదది. ఆస్తి పోయే ప్రమాదం ఎదురుగా ఉన్నా ఆ పేరు రాయకపోవడాన్ని ఉపన్యాసంలోని అలంకారం అనుకోలేం.

బిస్సుల మాట కూడా అలాంటిదే కావచ్చు. అయితే అక్కడ స్థానం మనిషికన్నా ముందు ఉంది. ఫ్రెండ్‌కు ముందు రోడ్ ఐలండ్‌లో అలాంటి స్థానం లేదు. నేను విడదీస్తున్నది అక్కడ.

దస్తావేజు

కోర్టు రికార్డుల వైపు నుంచి కొంత చేరుస్తాను. మూడో వరుసకు 1776కన్నా పాత నమోదుగా చాలామంది థామస్ లేదా థామసీన్ హాల్ పేరు పెడతారు. వర్జీనియా జనరల్ కోర్టు, 1629 ఏప్రిల్ 8.

రికార్డులో ఉన్నది ఇంత: ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర పుట్టి, థామసీన్ పేరుతో బాప్తిస్మం. పన్నెండేళ్లకు లండన్‌లో మేనత్త దగ్గరికి. ఇరవై దాటాక జుట్టు కత్తిరించి, మగ బట్టలు వేసి సైనికుడిగా ఫ్రాన్సు వైపు యుద్ధానికి. తిరిగొచ్చి ఆడ బట్టల్లో లేసు అల్లిక, కుట్టుపని. మళ్లీ మగ బట్టల్లో ఓడెక్కి వర్జీనియాకు నౌకరుగా. అక్కడ ఆడవాళ్ల గుంపు ఒకసారి, మగవాళ్లు ఇంకోసారి, నిద్రలో ఉండగా మరోసారి ఒంటిని పరీక్షించారు. ఒకరు మగ అన్నారు, ఒకరు ఆడ అన్నారు. ఊరి పెద్ద నేరుగా అడిగితే హాల్ ‘రెండూ’ అన్నట్టు నమోదైంది.

తీర్పు: హాల్ మగా ఆడా రెండూ అని ఊరంతా చాటాలి. మగ బట్టలు వేసుకోవాలి, తలకు మాత్రం ఆడవాళ్లు కట్టుకునే గుడ్డ, నడుముకు ముందువైపు ఆప్రాన్.

ఈ తీర్పును ‘1629లోనే గుర్తింపు’ అని రాస్తున్నారు. తప్పు. అంతవరకూ హాల్ పని దొరికినచోటికి తగ్గట్టు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగలిగారు. కోర్టు ఆ దారి మూసేసింది. రెండు రకాల బట్టలూ ఒకేసారి వేయించడం వల్ల ఏ గుంపూ దగ్గరికి రానివ్వదు, పెళ్లీ కుదరదు, పనీ కుదరదు. సత్ప్రవర్తనకు పూచీ కూడా అడిగారు. అది శిక్ష.

ఇలాంటి రికార్డు చదివేటప్పుడు కొన్ని పట్టించుకోవాలి. వాంగ్మూలం ఉత్తమ పురుషలో ఉందా, గుమాస్తా మార్చి రాశాడా? ప్రశ్న ఎవరు అడిగారు, జవాబు ఎలా చెబితే ఏ నష్టం? వివాదం దేనిమీద మొదలైంది? హాల్ కేసులో అది ఒక పనిమనిషితో సంబంధం ఉందన్న పుకారు, దాంతో ‘మగవాడైతే నేరం, ఆడదైతే కాదు’ అన్న పీటముడి. చివరిగా, సాక్ష్యం ఒంటి గురించా, బతుకు గురించా? హాల్ కేసులో సాక్ష్యంలో ఎక్కువ భాగం ఒంటి గురించే. కాబట్టి ఇది ముందుగా, పుట్టుకతోనే ఒంటి లక్షణాలు పూర్తిగా మగ అనో ఆడ అనో తేలనివారి, అంటే ఇంటర్‌సెక్స్ చరిత్రకు చెందుతుంది. నాన్‌బైనరీ చరిత్రలో రెండో వరుసలో పెట్టి, ‘రెండూ’ అన్న ఆ ఒక్క జవాబును మాత్రం మూడో వరుసకు సూచించాలి.

రోమ్‌కూ ఇదే వర్తిస్తుంది. క్రీ.పూ. 77లో గెనూకియస్ అనే గల్లూస్‌కు (గల్లీలలో ఒకరు) వీలునామా ద్వారా ఆస్తి వచ్చింది. పై అధికారి అయిన కాన్సల్ మామెర్కస్ దాన్ని రద్దు చేశాడు. కారణం: తనంతట తాను అంగచ్ఛేదం చేసుకున్నందున మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ లెక్కకు రాడని. ‘రెండూ కాదు’ అన్న మాట అక్కడ గెనూకియస్ నోట రాలేదు, ఆస్తి లాక్కునే వాడి నోట వచ్చింది.

వ్యాకరణి

మూడో వరుసలో మొదటిభాగాన్నే, అంటే ‘నేను’ అన్న ప్రకటననే అందరూ తవ్వుతున్నారు. రెండో భాగం, అంటే రెండుగా విడగొట్టే లెక్క మీద వాదన, చాలా పాతది. దానికి ఒక వ్యక్తి బయోగ్రఫీ అక్కర్లేదు.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో పతంజలి మహాభాష్యంలో, పాణిని సూత్రం 4.1.3 దగ్గర లింగమంటే ఏమిటన్న చర్చ వస్తుంది. స్తనాలు, కేశాలు ఉంటే స్త్రీ, రోమాలుంటే పురుషుడు, రెంటికీ మధ్యనున్నది నపుంసకం అన్న శ్లోకాన్ని ముందు పెట్టి, అది పనికిరాదని తేలుస్తాడు. మంచానికి స్తనాలు లేవు, చెట్టుకు రోమాలు లేవు, అయినా ‘ఖట్వా’ స్త్రీలింగం, ‘వృక్షః’ పుంలింగం. ఒంటి గుర్తులను బట్టి పెట్టిన నిర్వచనం నిలవదన్న వాదన ఇది. వ్యాకరణం కోసమే చేశాడు, నిజమే. అయినా ఆ వాదన తర్వాతి వాళ్లకు పనిముట్టయింది.

జైనులు ఇంకా ముందుకు వెళ్లారు. వాళ్ల కర్మ సిద్ధాంతంలో ఒంటి గుర్తులు నామకర్మ వల్ల వస్తాయి. మనసులోని ‘వేదం’, అంటే స్త్రీ, పుం, నపుంసక భావాల్లో ఏదో ఒకటి, మోహనీయ కర్మ వల్ల వస్తుంది. రెండు వేర్వేరు కారణాలు కాబట్టి రెండూ కలవాల్సిన పని లేదు. ఒంటిదాన్ని ద్రవ్యమనీ, లోపలిదాన్ని భావమనీ అంటారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం రెండో అధ్యాయం చివర నరకవాసులకూ, తల్లిదండ్రులు లేకుండా పుట్టే జీవులకూ నపుంసక వేదమొక్కటే, దేవతలకు అది లేదు, మిగతా జీవులకు మూడూ అని లెక్క కూడా ఉంది. 9వ శతాబ్దంలో యాపనీయ సంప్రదాయానికి చెందిన శాకటాయనుడు స్త్రీలకు మోక్షం ఉందని దిగంబరులతో వాదించినప్పుడు ఈ ద్రవ్య భావ భేదమే వాదం నడిమధ్య ఉంది.

యూదుల న్యాయ గ్రంథం మిష్నాలో, బిక్కూరీమ్ నాలుగో అధ్యాయం చూడండి. ‘అండ్రోగీనోస్’, అంటే మగా ఆడా ఒంటి గుర్తులు రెండూ ఉన్న వ్యక్తికి ఏ నియమాల్లో మగవాళ్ల లెక్క, ఏ వాటిలో ఆడవాళ్ల లెక్క, ఏ వాటిలో ఇద్దరి లెక్క, ఏ వాటిలో ఎవరి లెక్కా కాదు అని నాలుగు జాబితాలు ఉంటాయి. చివర రబ్బీ యోసే పేరిట ఒక తీర్పు: ఇది తనకు తానే ఒక సృష్టి, మగో ఆడో పండితులు తేల్చలేకపోయారు. నాలుగు జాబితాలు రాసిన తర్వాత ఇక లెక్క తేలదని అదే పుస్తకంలో రాసుకోవడాన్ని ఆలోచన కాదనగలమా?

నిదానం

వ్యాకరణి గారి ఆధారాలు సరైనవే, వాటి నుంచి తీస్తున్న నిర్ణయంతోనే నాకు పేచీ. మూడో గడి ఉండటం వేరు, గడులను ప్రశ్నించడం వేరు.

జైన వేద సిద్ధాంతం ప్రధానంగా కామవాంఛ తీరు గురించి. దాని పని మోక్షానికి, దీక్షకు ఎవరు అర్హులో తేల్చడం. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయంలోనూ పురుష, స్త్రీ, ఉభతోబ్యంజనక (రెండు రకాల ఒంటి గుర్తులూ ఉన్నవారు), పండక (మగతనం లోపించినవారిగా లెక్కించినవారు) అని నాలుగు వర్గాలున్నాయి. చివరి రెండు వర్గాల వారికి భిక్షువుగా ఉపసంపద, అంటే పూర్తి దీక్ష ఇవ్వకూడదన్న నియమం కోసమే ఆ విభజన. మిష్నా నాలుగు జాబితాలు కూడా ఎవరు ఏ విధి పాటించాలన్న పని కోసం. ఆ వర్గంలో పడిన మనిషికి అడిగే హక్కు ఎక్కడా లేదు. గడులు ఎక్కువైనంత మాత్రాన తలుపులు తెరుచుకున్నట్టు కాదు.

గడులనే కరిగించే వాదన యూరప్‌లో మెల్లగా వచ్చింది. జర్మన్ న్యాయవాది కార్ల్ హైన్రిష్ ఉల్రిక్స్ 1864 నుంచి చిన్న పుస్తకాలు వేస్తూ పురుషుణ్ణి ప్రేమించే పురుషుడిని ‘మూడో లింగం’ అన్నాడు. అది ఇంకా గడే. బెర్లిన్ వైద్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1910లో దాన్ని విరగ్గొట్టాడు. ఆయన లెక్క ఇలా సాగుతుంది. మనిషిలో లింగ భేదం కనిపించే చోట్లు నాలుగు: జననాంగాలు, మిగతా ఒంటి లక్షణాలు, కామ ప్రవృత్తి, మిగతా మానసిక లక్షణాలు. ఒక్కోదాన్ని మళ్లీ నాలుగుగా విడగొట్టాడు, మొత్తం 16. ఒక్కోటి మగ, ఆడ, మిశ్రమం అని మూడు రకాలుగా ఉండొచ్చు. 3ను 16 సార్లు గుణిస్తే 4,30,46,721 కలయికలు. పూర్తి మగ, పూర్తి ఆడ అనేవి ఆ వరుసకు రెండు చివర్లు, అంతే. అలాంటి మనిషి నిజంగా ఉన్నాడా అన్నదే ఆయనకు అనుమానం.

ఈ లెక్కతో ఆచరణలో జరిగినవి కూడా ఉన్నాయి. 1909 ప్రాంతం నుంచి బెర్లిన్ పోలీసులు వైద్యుల అభిప్రాయం మీద, పుట్టుకతో రాసిన లింగానికి వేరైన బట్టలు వేసుకునేవారికి చీటీలు ఇచ్చారు. 1919 జులై 6న హిర్ష్‌ఫెల్డ్ సంస్థ తెరుచుకుంది. 1933 మే 6న నాజీ విద్యార్థులు దాన్ని దోచారు, 10న దాని పుస్తకాలు కాల్చారు. మూడో వరుసలో ఇంత పెద్ద ఖాళీ ఎందుకుందని ఎవరైనా అడిగితే, కొంత భాగం ఆ మంటలో పోయిందని రాయాలి.

అయినా హిర్ష్‌ఫెల్డ్ వైద్యుడు, బయటి నుంచి కొలిచేవాడే. నా మొదటి తేదీ 1916. ఆ ఏడాది ఇంగ్లండులో ‘యురేనియా’ అనే పత్రిక మొదలైంది. అమ్మకానికి కాదు, చేతి నుంచి చేతికి వెళ్లేది. ఎవా గోర్‌బూత్, ఎస్తర్ రోపర్, ఐరీన్ క్లైడ్ తదితరులు నడిపారు. పుట్టుకతో థామస్ బేటీ అయిన క్లైడ్ అంతర్జాతీయ న్యాయ నిపుణులు, అదే 1916లో జపాను విదేశాంగ శాఖకు సలహాదారుగా టోక్యో వెళ్లారు. మానవజాతిని రెండుగా ఏర్పరచిన విధానాన్ని దాని అన్ని రూపాల్లోనూ తాము లెక్కచేయబోమన్నది పత్రిక ప్రకటన. యురేనియాలో ‘మగవాళ్లు’ ‘ఆడవాళ్లు’ లేరన్నది నినాదం. 1940 దాకా సాగింది. లోపల ఎక్కువభాగం ప్రపంచ వార్తాపత్రికల కత్తిరింపులు: లింగం మారిన వాళ్ల గురించి, మగవాళ్ల పనులు చేసిన ఆడవాళ్ల గురించి. ఒక సమూహం, ఒక సిద్ధాంతం, 24 ఏళ్ల వరుస ప్రచురణ. దీనికి ముందు ఈ మూడూ కలిసి ఎక్కడున్నాయో చూపించండి.

ఉపాసన

మొదటి వరుస గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు కాబట్టి రెండు ముక్కలు.

జునీ తెగలో ల్హమన అయిన వేవా (సుమారు 1849–1896) నేతపనిలోనూ కుండల పనిలోనూ పేరున్నవారు. 1886లో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌ను కలిశారు. మటిల్డా కాక్స్ స్టీవెన్సన్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి వేవాను స్త్రీ అనే అనుకున్నారు. మరణం తర్వాత శవానికి ఆడ బట్టలే కట్టి, అడుగున తెల్ల నూలు పైజామా తొడిగారని రాసింది ఆమే. జునీల దృష్టిలో ల్హమన స్థానం మగా ఆడా పనులు రెండూ కలిసేది, దానికి పురాణంలో, పూజల్లో చోటుంది. ‘నేను ఎవరు’ అన్న ప్రశ్నకు కాదు, ‘నీ పని ఏమిటి’ అన్న ప్రశ్నకు అది జవాబు.

దీన్ని నాన్‌బైనరీ పేరు కింద పెడితే నష్టపోయేది ఎవరో తెలిసిందే. 1990లో కెనడాలోని విన్నిపెగ్ దగ్గర జరిగిన తమ మూడో వార్షిక సమావేశంలో ఉత్తర అమెరికా మూలవాసులు ‘టూ స్పిరిట్’ అన్న పేరును తీసుకున్నారు. మానవశాస్త్రవేత్తలు అంతకుముందు వాడిన అవమానకరమైన పేరును తొలగించడం, తెగ సంప్రదాయంతో బంధాన్ని ముందుంచడం దాని ఉద్దేశాలు. ఆ తెగల బయటివారు ధరించే పేరు కాదది. కాలరేఖలో వేరే వరుస, వేరే రంగు, వాళ్లు పెట్టుకున్న పేరే.

సులవేసీలోని బుగిస్ జాతికీ అంతే. వాళ్లలో ఒరొఅనె (మగవాళ్లు), మక్కున్రాయ్ (ఆడవాళ్లు), చలబాయ్ (మగ శరీరంతో పుట్టి ఆడవాళ్ల తీరులో బతికేవారు), చలలాయ్ (ఆడ శరీరంతో పుట్టి మగవాళ్ల తీరులో బతికేవారు), బిస్సు అని ఐదు. బిస్సు మిగతా నాలుగింటి పక్కన ఐదో గడి కాదు, పూజాధికారం ఉన్న పదవి. 1950లలో సులవేసీలో కహర్ ముజక్కర్ నడిపిన ఇస్లామిక్ తిరుగుబాటు కాలంలో బిస్సులను వేటాడారు, పూజా సామగ్రి నాశనం చేశారు. ‘అక్కడ ఐదు జెండర్లు, అందరికీ గౌరవం’ అని ఒక్క వాక్యంలో రాసే కాలరేఖలు ఈ సంగతి మింగేస్తాయి.

మధ్యమావతి

ఉపాసన గారి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. దానికి ఇంకొకటి కలపాలి. తాళపత్రం గారు విమర్శించిన ఆ ‘ఒకే తాడు’కే ఒక చరిత్ర ఉంది. 1914లో ఇంగ్లండు రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్ ప్రపంచం నలుమూలల నుంచి పూజారులు, మాంత్రికులు, యోధులను పోగుచేసి ‘మధ్య తరహా’ మనుషులని ఒక పుస్తకం రాశాడు. మగవాళ్ల మధ్య సంబంధానికి ఇంగ్లండులో జైలుశిక్ష పడే రోజుల్లో, ‘ఇది ప్రకృతికి విరుద్ధం కాదు, అన్నిచోట్లా ఉంది’ అని రుజువు చేయడానికి. 1992లో అమెరికా రచయిత లెస్లీ ఫైన్‌బర్గ్ తన కరపత్రంలో మళ్లీ అలాంటి వరుసే కట్టారు. రెండుసార్లూ అది రక్షణ వాదన. చరిత్రగా దానిలో లోపాలున్నాయి, కానీ ఆలోచన చరిత్రలో ఆ వాదనే ఒక నమోదు. మీ మూడో వరుసలో 1914కు చోటివ్వాలి.

ఇంకో జాగ్రత్త. ‘18వ శతాబ్దం దాకా యూరప్‌లో ఒకే లింగమని నమ్మారు, తర్వాతే రెండయ్యాయి’ అన్న చరిత్రకారుడు థామస్ లాకర్ 1990 నాటి వాదనను చాలామంది తేలిగ్గా ఎత్తి రాస్తారు. కేథరిన్ పార్క్, హెలెన్ కింగ్ వంటి వైద్య చరిత్రకారులు దాన్ని గట్టిగా ఖండించారు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట ఉన్న స్త్రీ రోగాల గ్రంథంలోనే ఆడవాళ్ల మాంసం ఉన్నిలాగా తేమ పీల్చుకుంటుందని, మగవాళ్లది వేరని ఉంది. రెండుగా చూడటం అంత పాతదే. దాన్ని 18వ శతాబ్దపు కనిపెట్టుడుగా రాస్తే కాలరేఖ పునాదే వంగుతుంది.

నిదానం

కార్పెంటర్ 1914 ఒప్పుకుంటాను, అతను కూడా మూడో వరుసకే.

మధ్యలో మనస్తత్వశాస్త్రాన్ని వదిలేయకండి. 1936లో టెర్మన్, మైల్స్ తయారుచేసిన పరీక్షలో మగతనం, ఆడతనం ఒకే గీతకు రెండు చివర్లు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలి. 1974లో సాండ్రా బెమ్ ఆ గీతను రెండు చేసింది. 60 లక్షణాలు: 20 మగవాటివిగా, 20 ఆడవాటివిగా సమాజం భావించేవి, 20 తటస్థం. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కు మనిషే వేసుకోవాలి. రెండు కొలతలూ విడివిడి కాబట్టి రెండింటిలోనూ ఎక్కువ రావచ్చు, రెండింటిలోనూ తక్కువ రావచ్చు. లెక్క పరంగా ఇది చాలా పెద్ద మలుపు. అయితే అది కొలిచేది స్వభావ లక్షణాలను, అస్తిత్వాన్ని కాదు. రెండింటిలో ఎక్కువ మార్కులు వచ్చినవారు నాన్‌బైనరీ అని రాయడం ఈ అంశంలో తరచూ జరిగే పొరపాటు.

ఇక 1990ల సంగతి. అప్పుడు కొత్తగా వచ్చింది ఆలోచన కాదు. 1995లో అమెరికా ఉద్యమకారులు రికీ విల్చిన్స్, ఆడ మగ గడుల్లో ఇమడనివారికి పేరుగా ‘జెండర్‌క్వీర్’ అన్న మాటను ఉద్యమ పత్రికలో వాడినప్పుడు, దాన్ని చదివి ‘ఇది నేనే’ అనుకున్నవాళ్లు ఒకరినొకరు కనుక్కోగలిగారు. ఇంటర్నెట్ దాన్ని వేగవంతం చేసింది. యురేనియాకు లేనిది ఆ విస్తృతే, అది చేతి నుంచి చేతికి వెళ్లి కొద్దిమందికే అందింది.

దస్తావేజు

రెండో వరుసను ఇటీవలి కాలానికి పొడిగించేవారికి.

నేపాల్ సుప్రీంకోర్టు 2007 డిసెంబరు 21. ఆస్ట్రేలియా హైకోర్టు నోరీ కేసు 2014 ఏప్రిల్ 2. భారత సుప్రీంకోర్టు నల్సా తీర్పు 2014 ఏప్రిల్ 15. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2017 అక్టోబరు 10. ఈ నాలుగింటినీ ‘మూడో జెండర్‌కు గుర్తింపు’ అని ఒకే మాటతో రాయొద్దు. నోరీ అనే వ్యక్తి కేసు జనన, మరణ, వివాహాల రిజిస్టరులో లింగం ‘నిర్దిష్టం కానిది’ అని రాయవచ్చా అన్నదాని మీద. జర్మనీ కేసు వేసింది ఇంటర్‌సెక్స్ వ్యక్తి, 2018 చివర్లో వచ్చిన చట్టం కూడా మొదట ఆ దేహ లక్షణాలకే కట్టుబడింది. నల్సాలో హిజ్రాల వంటి సమూహాలకు మూడో జెండర్, మిగతా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తాము చెప్పుకున్న జెండర్.

అంకెల్లో జరిగే తప్పు ఇంకా పెద్దది. భారత 2011 జనగణనలో మగకు 1, ఆడకు 2, ఇతరులకు 3 అన్న కోడ్. ‘ఇతరులు’ 4,87,803 మంది. దీన్ని నాన్‌బైనరీ లేదా ట్రాన్స్ జనాభాగా చాలాచోట్ల రాస్తున్నారు. ఆ సంఖ్యలో 54,854 మంది 0–6 ఏళ్ల పిల్లలు. ఆ వయసు పిల్లలు ఎవరూ తమ జెండర్ గురించి గుమాస్తాకు చెప్పి ఉండరు, ఇంటిపెద్ద చెప్పి ఉంటారు. కెనడా 2021లో వేరే పద్ధతి పాటించింది: పుట్టినప్పటి లింగం ఒక ప్రశ్న, ఇప్పటి జెండర్ ఇంకో ప్రశ్న, ఫలితం 15 ఏళ్లు పైబడిన వారికే. నాన్‌బైనరీ 41,355. ఒకే ప్రశ్నతో వచ్చిన సంఖ్యనూ రెండు ప్రశ్నలతో వచ్చిన సంఖ్యనూ పక్కపక్కన పెట్టి పోల్చితే అర్థం లేదు.

1871 నాటి బ్రిటిష్ ఇండియా నేరస్థ తెగల చట్టం రెండో భాగాన్ని కూడా ఈ వరుసలోనే పెట్టాలి. హిజ్రాలను రిజిస్టరులో ఎక్కించి, ఆడ వేషంతో బహిరంగంగా కనబడితే రెండేళ్ల దాకా జైలు అని చెప్పిన చట్టం అది. ఆ రిజిస్టర్లలో పేర్లు, ఆస్తులు దొరుకుతాయి. ఆ మనుషుల మాట దొరకదు.

తాళపత్రం

చర్చ తర్వాత పట్టికను ఇలా మార్చాలనుకుంటున్నాను. వరుసలు మూడు కాదు, నాలుగు. మూడోదాన్ని రెండుగా విడగొట్టాలి: ‘నేను’ అన్న ప్రకటనలు ఒకటి, రెండు గడుల మీద వాదనలు ఇంకొకటి. మొదటిది 1776తో, రెండోది పతంజలి, జైనులతో మొదలవుతుంది. నిదానం గారు అన్నట్టు ఆ వాదనలు ఎవరి పని కోసం చేసినవో ప్రతి నమోదు కిందా రాయాలి. యురేనియా రెండింటిలోనూ ఉంటుంది. 1930లో ఫ్రెంచి కళాకారులు క్లోద్ కాహూన్ తన పుస్తకంలో, మగా ఆడా సందర్భాన్ని బట్టి మారతాయి, తనకు ఎప్పుడూ సరిపడేది నపుంసక లింగం ఒక్కటే అని రాసుకున్నది ‘నేను’ వరుసలోకి వస్తుంది.

నా పట్టికలో పెట్టుకున్న ఫ్రెంచి దౌత్యవేత్త షెవాలియే దెయాన్‌ను తీసేస్తున్నాను. 1777 నుంచి 1810లో మరణించేదాకా స్త్రీగా బతికి, స్త్రీనే అని చెప్పుకున్న మనిషిని ‘మధ్యలో’ పెట్టే హక్కు మనకు లేదు. కాలరేఖ పొడవు పెంచడానికి ట్రాన్స్ స్త్రీలనూ ట్రాన్స్ పురుషులనూ ఇందులో కలపడం వాళ్ల సొంత మాటను కొట్టేయడమే.

వాక్యాల విషయంలో: ఫ్రెండ్, హాల్, క్లైడ్, వేవాల గురించి ‘వారు’, ‘చెప్పారు’, ‘వెళ్లారు’ అని రాస్తే చాలు. పాత రికార్డులో ఉన్నది ఉన్నట్టు చూపించేటప్పుడు మాత్రమే పాత రూపం, అదీ కొటేషన్ గుర్తుల్లో.

నిదానం

‘నేను’ వరుసకు 1776 అంటే ఇంకా ఒప్పుకోలేను. ఫ్రెండ్ తన అనుచరులెవరికీ ‘మీరు కూడా ఆడా మగా కాదు’ అని బోధించలేదు. ఒక్కరికే వర్తించే దైవ సందేశం అది. పట్టికలో పెట్టండి, కానీ పక్కన ‘తర్వాతి వారికి అందలేదు’ అని చేర్చండి. యురేనియా వాళ్లు ఫ్రెండ్‌ను చదివి మొదలుపెట్టలేదు.

మధ్యమావతి

అందలేదని రాయడం సరే. అలాగైతే యురేనియా పక్కన కూడా అదే రాయాలి. 1990ల వాళ్లు దాన్ని చదివి మొదలుపెట్టలేదు, పరిశోధకులు దాన్ని మళ్లీ వెలికితీసింది తర్వాతే. ఈ చరిత్రలో చాలా నమోదుల మధ్య గీతలు గీయలేం. గీత గీయగలిగే చోట, అంటే ఉల్రిక్స్ నుంచి హిర్ష్‌ఫెల్డ్‌కు, హిర్ష్‌ఫెల్డ్, ఉల్రిక్స్‌ల నుంచి కార్పెంటర్‌కు బాణం గుర్తు వేయండి. మిగతావి విడిగానే ఉంచండి.

దస్తావేజు

బాణాల ఆలోచన బాగుంది. పాస్‌పోర్టు ‘ఎక్స్’ దగ్గరికి మాత్రం ఏ బాణమూ వేయొద్దు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో దాని అర్థం ‘పేర్కొనలేదు’ అని మాత్రమే. కంటికి కనిపించే పేజీలో ఎక్స్ ఉంటుంది, అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో ఆ స్థానంలో ఎక్స్ కూడా ఉండదు, ఖాళీలు నింపడానికి వాడే కోణపు గుర్తే ఉంటుంది. దాన్ని రెండో వరుసలోనే ఉంచి, ఏ దేశం ఏ ఏడాది ఎవరికి ఇచ్చిందో, వైద్య ధ్రువపత్రం అడిగిందో లేదో ఒక్కో దేశానికి విడిగా రాయాలి.